మావయ్య కారుకి పదిహేను పూతల నల్లరంగు

నా చేతుల మీదుగా జరిగిన అనర్థాలు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని మా ఆవిడకి తెలుసు, కొన్ని ఆవిడకి తెలియకుండా జాగ్రత్తపడ్డాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం యానాంలో సగం ఊరికి తెలిసిన అనర్థం. నేనొక కారుకి రంగు వేశాను. ఎంత బాగా వేశానంటే, వేయడం పూర్తయ్యేసరికి అది కారు కాకుండా పోయింది.

కంగారుపడకండి, నిజం కారు కాదు. కొయ్య కారు. జానెడున్నర పొడవు. నిజం కారుకి పన్నెండో వంతు అని స్కేలు పెట్టి కొలిచి మరీ చెక్కాను. చెక్కడం దాకా తప్పేమీ జరగలేదు. అక్కడే ఆగిపోయి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర ఏ కథా ఉండేది కాదు, నాకు పరువు ఉండేది.

ముందు మా యోహాను మావయ్య సంగతి చెప్పాలి. మా అమ్మకి అన్న. మా ఇంటికి దగ్గర్లోనే, కనకాలపేటలో ఉండేవాడు. యానాంలో ఫ్రెంచివాళ్ళు ఉన్న రోజుల్లో ఒక దొరగారి దగ్గర ఇరవై ఏళ్ళు కారు నడిపాడు. అప్పట్లో ఊళ్ళో కార్లని లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ వేళ్ళు మిగిలిపోయేవి. దొరగారి కారు నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ముందు కప్పకళ్ళలాంటి రెండు దీపాలు, పక్కన రబ్బరు బుర్ర ఉన్న హారను. ఖాకీ బట్టలు వేసుకుని మావయ్య స్టీరింగు ముందు కూర్చుంటే, వెనక కూర్చున్న దొరగారే ఈయన దగ్గర కొలువు చేస్తున్నట్టు కనిపించేవారు. దొరగారు వెనక నుంచి "దూస్మా, దూస్మా" అంటూండేవారట. నెమ్మదిగా పోనివ్వమని. మావయ్య ఆ మాటని ఇంటికి తెచ్చుకుని మా అందరి మీదా వాడేవాడు. అన్నం గబగబా తింటే దూస్మా. బైబిలు గబగబా చదివితే దూస్మా. నా పెళ్ళిలో పాస్టరుగారు ప్రమాణాలు త్వరత్వరగా చెప్పిస్తుంటే, మూడో బెంచీలోంచి దూస్మా అని వినిపించింది.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. దొరగారు వెళ్ళారు, కారునీ పుదుచ్చేరి పంపించేశారు. ఆ ఏడాదే మావయ్య చూపు మసకబారడం మొదలైంది. నీటికాసులన్నారు, పోయిన చూపు తిరిగి రాదన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆయనకి వెలుగుకీ చీకటికీ తేడా కూడా తెలియకుండా పోయింది. దాంతో పాటే మాటా ఆగిపోయింది. గుమ్మం దాటడం మానేశాడు, గుడికి రావడం మానేశాడు. మేము వెళ్ళి పలకరిస్తే ఊఁ అనేవాడు. మా అత్తయ్య చాటుకి పిలిచి, "ఈ ఊఁ కూడా మీరొస్తేనే. నాతో అదీ లేదు," అని కళ్ళొత్తుకునేది.

అలాంటి మనిషి ఒకరోజు నేను పక్కన కూర్చుని ఉండగా ఉన్నట్టుండి నోరు విప్పాడు. "దావీదూ, ఆ కారుని ఒక్కసారి చేత్తో తడిమితే చాలనిపిస్తందిరా," అన్నాడు.

దయచేసి ఆ మాట మళ్ళీ ఒకసారి చదవండి. చేత్తో తడిమితే, అన్నాడు. మీకు అర్థమైంది. ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడకీ వెంటనే అర్థమైంది. అర్థం కాని మనిషి ఊరు మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు, అతగాడు బడిలో డ్రాయింగు మాస్టరు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయి ఏడాది. పట్టుదల విషయంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. మావయ్యకి అరవై నిండే రోజు రెండు నెలల్లో ఉంది, ఆ రోజు వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టుకోవాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. ఆ రోజుకి దొరగారి కారుని ఆయన ఒళ్ళో పెట్టాలి. పెట్టి తీరాలి. అది చూసి ఆయన మళ్ళీ మనుషుల్లో పడాలి. అది "చూసి" అనే నేను అనుకున్నాను, గమనించండి.

అంకుడు కర్ర సంపాదించి, పాత ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకుని, మూడు వారాలు చెక్కాను. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, బాగా వచ్చింది. తలుపుల అంచులు గీతలుగా తీశాను. పిడులు, దీపాలు, హారను, చక్రాల మీద మడ్‌గార్డులు, డ్రైవరు పక్క కిటికీ, అన్నీ కుదిరాయి. మా ఆవిడ కరుణ వంట మధ్యలో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళు మూసుకుని దాన్ని తడిమింది.

"ఇది తలుపు. ఇది పిడి. ఇయ్యి దీపాలు. ఇదిగో హారను," అంది. "కళ్ళు మూసుకున్నా కారేనండి. పుట్టినరోజు దాకా ఎందుకు, ఈ ఆదివారమే పట్టుకెళ్ళి ఇచ్చేద్దాం."

"రంగు లేకుండానా?"

"రంగుతో ఏం పనండీ ఆయనకి?"

"నువ్వుండు. దొరగారి కారు అద్దంలా మెరిసేది. మెరవని కారు కారేనా?"

ఆవిడ నా వంక ఒకసారి చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. భార్య మాట వినకపోవడం వల్ల జరిగే నష్టాల మీద నేనొక పెద్ద పుస్తకం రాయగలను. ఇది అందులో మొదటి అధ్యాయం.

నల్ల ఎనామిల్ డబ్బా, కుంచె తెచ్చి మొదటి పూత వేశాను. ఆరాక చూస్తే కుంచె వెంట్రుకలు నడిచిన చాళ్ళన్నీ కనిపిస్తున్నాయి. దుక్కి దున్నిన చేనులా ఉంది. విత్తనాలు జల్లడమే తరువాయి. దాన్ని సంచిలో పెట్టుకుని గాబ్రియేలు దగ్గరికి వెళ్ళాను.

గాబ్రియేలు మా ఊరి వడ్రంగి. బల్లలు, బీరువాలు చేసేవాడు, అవసరం పడితే శవపేటికలూ చేసేవాడు. ఆయన చేసిన పేటిక నునుపు చూసి, బతికున్నవాళ్ళు ముందుగానే చెప్పి పెట్టుకునేవారు. నా కారుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెక్కుడు బాగుందండి. రంగే అల్లరైపోయింది."

"మీ పెట్టెలకి అంత నునుపు ఎలా వస్తుంది గాబ్రియేలు గారూ?"

"మా పెట్టెలో పడుకున్నాయన తిరిగొచ్చి వంక పెట్టడు కదండీ, అదో సుఖం. అయినా చెప్తాను, ఇనండి. ముందు లప్పం పెట్టాలి. సుద్దపొడి, అవిసె నూనె కలిపి ముద్ద చేసుకుని మెత్తండి. గుంటలన్నీ నిండిపోవాలి. ఆరాక ఉప్పుకాగితం తడిపి తోమాలి. మీద పల్చగా రంగు. ఆరాక మళ్ళీ తోమాలి, మళ్ళీ రంగు."

"అలా ఎన్నిసార్లు?"

"మీ మొహం మీకు కనపడేదాకానండి."

ఆయన ఏదో మాటవరసకి అన్నాడు. నేను దాన్ని సువార్త వాక్యంలా గుండెకి హత్తుకున్నాను. గుంటలన్నీ నిండిపోవాలి అన్నాడు కదా. తలుపు గీత కూడా గుంటే. కిటికీ కూడా గుంటే. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఉన్న సందు అన్నిటికన్నా పెద్ద గుంట. ఒక్కటి వదలకుండా లప్పం మెత్తాను.

రెండో పూతలో కుంచె వెంట్రుక ఊడి అతుక్కుంది. తోమాను. మూడో పూత మీద దోమ వాలింది. వాలిన దోమ లేవబోయి, లేవలేక, కొసాకి దొరగారి కారు పైకప్పు మీద కాళ్ళు చాపుకుని ప్రాణం విడిచింది. తోమాను. నాలుగో పూత వేసిన రోజు గోదారి వైపు నుంచి ఇసకగాలి కొట్టింది, ఆరాక చూస్తే కారుకి ఆటలమ్మ పోసినట్టుంది. తోమాను. అయిదో పూత తేమకి తెల్లగా పాలిపోయింది. తోమాను. లోకంలో రైతులు, పడవలవాళ్ళు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటారు. డ్రాయింగు మాస్టర్లలో ఆ పని చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఆరో పూత నాటికి ఇంట్లో శాసనాలు మొదలుపెట్టాను. రంగు తడిగా ఉన్నంతసేపూ ఇల్లు ఊడవకూడదు. దుప్పట్లు దులపకూడదు. పోపు పెట్టకూడదు, పొగ జిడ్డు పడుతుంది. కారు ఉన్న గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

"మాటకీ రంగుకీ ఏంటండీ సంబంధం?" అంది కరుణ.

"నోటి గాలికి దుమ్ము లేస్తుంది."

"నేనొక్క మాట చెప్పి..."

నేను నోటిమీద వేలు వేసుకుని చూపించాను. ఏడో పూతకీ అంతే. ఎనిమిదో పూత వేస్తుండగా ఆవిడ మెల్లగా గదిలోకి వచ్చింది. చేతిలో పలక ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: మావయ్యగారికి చూపు లేదు.

నేను ఆ పలక కేసి చూశాను. నా బుద్ధి బాగుపడటానికి దేవుడిచ్చిన ఆఖరి అవకాశం అది. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"సుద్దముక్క పొడి రాలుతుంది. దూరంగా పెట్టు," అన్నాను. తరవాత కాస్త ఆలోచించి, "ఆయనకి లేకపోతే ఏం, కూటానికి వచ్చే జనానికి చూపు ఉంది కదా," అని కూడా అన్నాను.

ఆవిడ పలక తుడవబోయి, దుమ్ము అని గుర్తొచ్చి కాబోలు, అలాగే పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నిజానికి అప్పటికే నేను మావయ్య కోసం చెయ్యడం మానేశాను. ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఏ నాలుగో పూతకో, అయిదో పూతకో ఆయన కాస్తా జారిపోయి, నేనూ ఉప్పుకాగితమూ మిగిలాం.

ఇక మిగతా పూతలు ఇలా కాదని, ఇంట్లో దుమ్ము లేని చోటు కోసం వెతికాను. నీళ్ళగది దొరికింది. నేల తడిపాను, గోడలు తడిపాను, పైన తాటాకుల కప్పుకి తడి గోనెపట్టా కట్టాను. దుమ్ము అనేది లేవడానికి వీల్లేదు. ఒక్కటే ఇబ్బంది. నా చొక్కాకీ పంచెకీ నూలుపోగులు ఉంటాయి, అవి రాలతాయి. కాబట్టి నేను తడి తువ్వాలు ఒక్కటి చుట్టుకుని తలుపు బిగించుకున్నాను. సరిగ్గా పన్నెండో పూత వేస్తుండగా పాస్టరుగారు కూటం సంగతి మాట్లాడటానికి వచ్చారు.

"దావీదు మాస్టారు లేరామ్మా?"

"నీళ్ళగదిలో ఉన్నారండి," అంది కరుణ.

"స్నానమా? కూచుంటాలే."

పాపం ఆయన కూర్చున్నారు. నేను లోపల ముందు దీపాల దగ్గర ఉన్నాను. అంటే, ముందు దీపాలు ఉండే చోట ఉన్నాను. మధ్యలో ఆపితే రంగు అతుకు పడుతుంది. చాలాసేపటికి పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"ఇంకా అవలేదామ్మా?"

"ఈమధ్య ఇంతేనండి. రోజూ రెండు గంటలు."

"రెండు గంటల స్నానమా?"

"మురికి వదలాలి కదండీ," అంది మా ఆవిడ. ఆ గొంతులో కోపం ఉందో నవ్వు ఉందో లోపల ఉన్న నాకు అంతుపట్టలేదు.

పాస్టరుగారు లేచి తలుపు దగ్గరికి వచ్చి, "దావీదూ, శరీరశుద్ధి మంచిదే నాయనా. కానీ దాని మీద మరీ ఆశ పెట్టుకోకు," అని మెల్లగా బోధించి వెళ్ళిపోయారు. ఆ తరవాతి ఆదివారం ప్రసంగం అంతా లోపలి శుద్ధి గురించే చెప్పారు. చెబుతున్నంతసేపూ నా వైపే చూశారు.

పదిహేనో పూత ఆరింది. తోమి, మెత్తటి గుడ్డతో తుడిచి కిటికీ దగ్గర పెట్టాను. వంగి చూశాను. నా మొహం కనిపించింది. మొహమే కాదు, మీసం, మీసం చివర ఊడిన ఒక వెంట్రుక కూడా. నా వెనక కిటికీ, కిటికీలో కొబ్బరిచెట్టు, చెట్టు మీద కాకి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇక మాట్లాడవచ్చు," అన్నాను కరుణతో.

"ఇప్పుడేం మాట్లాడనండీ," అందావిడ.

పుట్టినరోజు వచ్చింది. కనకాలపేటలో మావయ్య ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. పాటలు పాడారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. మావయ్య మధ్యలో కుర్చీలో తెల్లచొక్కా వేసుకుని, ఎవరో మోసుకొచ్చి అక్కడ దింపినట్టు కూర్చుని ఉన్నాడు. నేను గుడ్డ తీసి నా పనితనాన్ని బల్ల మీద పెట్టాను. జనమంతా మూగారు.

"అబ్బ, ఏం నునుపండీ," అన్నారు. "చెయ్యి జారిపోతందండి," అన్నారు. మా పిన్ని కూతురు అందులో చూసుకుని జడలో పువ్వు సర్దుకుంది. అదేమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగడం మర్యాద కాదని వాళ్ళు అనుకున్నారు, అడగాల్సిన అవసరమే లేదని నేను అనుకున్నాను.

"మావయ్యా, నీకోసం చేశాను," అని ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆ పెద్ద పెద్ద వేళ్ళు మెల్లగా కదిలాయి. ముందు నుంచి వెనక్కి వెళ్ళాయి. వెనక నుంచి ముందుకి వచ్చాయి. ఎక్కడా ఏదీ తగలక, మంచు మీద నడిచే మనిషి కాలులా జారిపోయాయి. తిరగేసి కింద తడిమాడు. మళ్ళీ బోర్లించాడు. ఆ వేళ్ళు వెతుకుతున్నాయని అప్పుడు తెలిసింది నాకు. రెండు నెలల తరవాత, పదిహేను పూతల తరవాత, అప్పుడు తెలిసింది.

"నున్నగా ఉంది నాయనా," అన్నాడు మావయ్య. చాలా రోజుల తరవాత అంతమంది ఆయన గొంతు విన్నారు. "చాలా నున్నగా ఉంది."

ఈ కొసా ఆ కొసా మళ్ళీ ఒకసారి తడిమాడు.

"ఇంత పెద్ద వంకాయ నా జన్మలో పట్టుకోలేదు," అన్నాడు. "కూర వండించమంటావా, ఇత్తనానికి ఉంచమంటావా?"

ముందు మా అత్తయ్య నవ్వింది. తరవాత పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు నటించారు. ఆ తరవాత ఇల్లు ఇల్లంతా పొట్టలు పట్టుకుంది. నాకు మాత్రం నేల చీలిపోతే బావుండుననిపించింది, నేలకి కూడా నా మీద జాలి కలగలేదు.

"కారు మావయ్యా," అన్నాను, ఎవరికీ వినపడనంత మెల్లగా. "దొరగారి కారు."

మావయ్య మొహంలో నవ్వు ఆగిపోయింది. రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"తలుపేదిరా?"

"రంగు కింద ఉంది మావయ్యా."

"దీపాలు?"

"రంగు కింద."

"హారను?"

"అదీ రంగు కిందే."

"మరి నేను కూకునే చోటు?"

కరుణే ముందుకొచ్చి, ఆయన వేలు పట్టుకుని, ఫ్రెంచి కారు కదా, ఎడం పక్కన ఒక చోట ఆనించింది. "ఇక్కడండి మావయ్యగారూ. నేను తడిమి చూశాను. ముందు ఉండేది," అంది.

మావయ్య ఆ చోట గోటితో మెల్లగా గీకి చూశాడు. తిడతాడని అనుకున్నాను. తిట్టినా బావుండేది. ఆయన మాత్రం, "రేపొద్దున్న ఉప్పుకాగితం సిద్ధంగా ఉంచు. మీ ఇంటికి వత్తాను," అన్నాడు.

ఏడాదిగా గుమ్మం దాటని మనిషి మర్నాడు పొద్దున్నే అత్తయ్య భుజం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని కారుని ఒళ్ళో పెట్టుకుని గోకడం మొదలెట్టాడు. ఆ మర్నాడూ వచ్చాడు, ఆ పై రోజూ వచ్చాడు. నేను బడి నుంచి రాగానే ఆయన పక్కన కూర్చుని లప్పం తవ్వేవాణ్ణి. కాస్త తొందరపడితే చాలు, ఉలి చప్పుడుని బట్టే కనిపెట్టి "దూస్మా" అనేవాడు. అది వినపడగానే వంటింట్లో కబుర్లు చెప్పుకుంటున్న కరుణ, అత్తయ్య ఒక్కసారిగా మాటలు ఆపేసి వినేవారు. ఆ మాట ఆయన నోట మళ్ళీ వినిపిస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఒకరోజు పిడి బయటపడింది. ఇంకోరోజు హారను. హారను దొరికిన సాయంత్రం మావయ్య దొరగారి కారు పంటు పడవ మీద గోదారి దాటుతూ ఆగిపోయిన కథ మొత్తం చెప్పాడు, దారిన పోయేవాళ్ళు కూడా ఆగి విన్నారు. గాబ్రియేలు వచ్చి, తన శిష్యుణ్ణయిన నేను ఏ గతికి వచ్చానో చూసి, "నేను గుంటలన్నది రంధ్రాలనండి మాస్టారూ, కిటికీలు కాదండి," అన్నాడు. ఆ మాట రెండు నెలల ముందు చెప్పి ఉండవలసింది.

నెల్లాళ్ళకి పని పూర్తయింది. చూడటానికి ఆ కారు గజ్జికుక్కలా ఉంది. అక్కడక్కడ కొయ్య, అక్కడక్కడ నలుపు, మూలల్లో తెల్లటి లప్పం. మావయ్య దాన్ని మొదట్నుంచి చివరి దాకా ఒకసారి తడిమాడు. తలుపు దగ్గర ఆగాడు. డ్రైవరు కిటికీలోకి బొటనవేలు దూర్చి, తనలో తనే నవ్వుకున్నాడు.

"ఇదిరా కారంటే," అన్నాడు. "తలుపు తీసి ఎక్కడమే మిగిలింది." కాసేపు దాన్ని ఒళ్ళో అటూ ఇటూ తిప్పాడు. ఏదో లోటు తట్టినట్టు తల పక్కకి వంచాడు. "అన్నీ కుదిరాయి గానీ దావీదూ, దీని మీద కొంచెం నల్లరంగు పూస్తే ఇంకా బావుంటదేమోరా."

నేను నోరు తెరిచేలోపే కరుణ వంటింట్లోంచి వచ్చి, కుంచెని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేసింది.

ఆ పొయ్యి ఎదుటే, కుడిచెయ్యి పైకెత్తి, మా ఆవిడ, మావయ్య, అత్తయ్య, పూర్తయిన పని చూడటానికి వచ్చిన గాబ్రియేలు సాక్షులుగా నేనొక ప్రమాణం చేశాను. ఈ చేత్తో ఇంక జన్మలో ఏ వస్తువుకీ, ఏ కారణం చేతా, ఎవరు బతిమాలినా రంగు పూయను. ఆ మాట ఈనాటికీ తప్పలేదు. మా ఇంటి తలుపులకి వేరేవాళ్ళు రంగు వేశారు. బడిలో పిల్లలకి సుద్దముక్క బొమ్మలతోనే పాఠాలన్నీ చెప్పి రిటైరయ్యాను. మొన్న మా మనవరాలు, "తాతయ్యా, ఈ తెల్లజుట్టుకి కాస్త నల్లరంగు వేసుకుంటే పదేళ్ళు తగ్గుతావు," అంది. వేసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా అన్నాను, కానీ మొదటి పూత సరిగ్గా రాదు, తోమి రెండోది వెయ్యాలంటాను, నా సంగతి నాకు తెలుసు. పదిహేనో పూతకి అద్దంలో తల నిగనిగలాడుతుంది, చెవులు మాత్రం కనపడవు.